అడుగున మూడు చుట్లు

సీతమ్మ అన్న పేరు విని గుడికెళ్ళే మనిషి అనుకుంటే పొరపాటే. బాప్టిస్టు చర్చిలో ముందు వరసలో కూర్చుని, పాటల పుస్తకం తెరవకుండానే పాడేసే మనిషి ఆవిడ. ముత్తాత కాలంలో మతం మారారు గానీ పేర్ల దగ్గర ఆ ఇంట్లో ఎవరూ పట్టింపులకి పోలేదు. గజపతినగరానికి నాలుగు మైళ్ళ అవతల ఊరు. తండ్రి కృపారావు కూలికెళ్ళేవాడు, తల్లి ఈతాకు చాపలు అల్లేది. యాభై మూడేళ్ళ సీతమ్మ బతుకులో చెప్పుకోదగ్గవి రెండే రెండు. తల్లి దగ్గర చాప నేర్చుకోవడం ఒకటి, ముప్ఫై మూడో ఏట ఒమాన్ వెళ్ళి పదకొండేళ్ళు ఒకే ఇంట్లో పనిచేసి రావడం ఒకటి. ఆ రెండూ ఎప్పుడో ఒకచోట కలిసి తన ప్రాణం మీదికి తెస్తాయని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

కలిసింది విజయనగరంలో, ఓ కళ్యాణమండపంలో. హస్తకళల సంస్థ ఒకటి మూడు రోజుల శిబిరం పెట్టింది. ఒమాన్ నుంచి ఖర్జూరపాకు అల్లే ఆవిడ, చైనా నుంచి వెదురు అల్లే ఆయన, మన వైపు నుంచి చాపలల్లే ఆడవాళ్ళు పన్నెండుమంది. ఒకరి పని ఒకరికి చూపించుకోవాలి, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలి. పెత్తనమంతా మోహనకృష్ణ అనే ఆయనది. మంచివాడే గానీ దేన్ని చూసినా ఫొటోకి పనికొస్తుందా లేదా అని చూసే జబ్బు ఒకటుంది ఆయనకి.

ఒమాన్ నుంచి వచ్చిన రహ్మా సీతమ్మకి కొత్త కాదు. తను పనిచేసిన ఇంటి పెద్దావిడకి మనవరాలు. పన్నెండేళ్ళ పిల్లప్పటినుంచి తెలుసు. వాళ్ళు మస్కట్‌లో ఉండి శుక్రవారాలు నాన్నమ్మని చూడ్డానికి వచ్చేవాళ్ళు. "మీ ఊరివైపే వస్తున్నాను సీతా, నా మాట వాళ్ళకి నువ్వు కాక ఎవరు చెప్తారు?" అని ఫోన్ చేసి మరీ రప్పించుకుంది. అంచేత సీతమ్మ అక్కడికి వచ్చింది అల్లడానికి కాదు, దుబాసీగా. మెడలో కార్డు కూడా వేశారు. ఆ కార్డు చూసుకుని మొదటిరోజంతా ఆవిడ కాస్త మెడ నిటారుగానే పెట్టుకు తిరిగింది.

మొదటిరోజు నవ్వులతో గడిచిపోయింది. ఒమాన్‌లో పెద్దావిణ్ణి ఏమని పిలిచేదానివని ఆడవాళ్ళు అడిగితే "మామా అనీదాన్ని, అంటే అమ్మ" అంది సీతమ్మ. "ముసిల్దాన్ని పట్టుకుని మావా అనీదానివా!" అని అందరూ పొట్టలు పట్టుకున్నారు. చైనా ఆయన పేరు లిన్. అరవై దాటిన మనిషి, బక్కపల్చగా ఉంటాడు. ఏ చాప ఇచ్చినా ముందు తిరగేసి వెనకవైపు చూస్తాడు. ఆయన ఫోన్లోకి మాట్లాడితే ఆ ఫోను వార్తలు చదివే అమ్మాయి గొంతుతో తెలుగు చెప్తుంది. "మీ నైపుణ్యమునకు అభినందనలు" అని అది ధనలక్ష్మితో అంటే, చాపలల్లేవాళ్ళలో పెద్దదైన ధనలక్ష్మి, సీతమ్మ ఊరి రైతుకుటుంబం మనిషి, కొంగు సర్దుకుని ఫోనుకి దణ్ణం పెట్టింది.

రెండోరోజు పొద్దున్న, టిఫిన్లయ్యాక, రహ్మా తెల్లగుడ్డలో చుట్టిన వస్తువొకటి తెచ్చి బల్లమీద పెట్టి విప్పింది. మూతబుట్ట. మోకాలెత్తు ఉంటుంది. ఆకుని జడలా పొడుగ్గా అల్లి, ఆ జడని చుట్టలు చుట్టుకుంటూ కుట్టుకొస్తే తయారయ్యే బుట్ట.

"ఇది మా నాన్నమ్మ మోజా చేతి బుట్ట," అంది రహ్మా అరబ్బీలో. "ఆఖరి రెండేళ్ళూ కూర్చుని అల్లింది. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు. ఆవిడ చేతిది మా ఇంట్లో ఇదొక్కటే మిగిలింది."

సీతమ్మ ఆ మాటలు తెలుగులో చెప్పింది. నోరు చెప్తోంది గానీ మనసు అక్కడ లేదు. ఎందుకంటే ఆ బుట్ట అల్లింది సీతమ్మ.

మోజా ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. ఆవిడ దగ్గర నేర్చుకోవడానికి పై ఊళ్ళనుంచి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. ఒక మధ్యాహ్నం ఆకు ఆవిడ వేళ్ళలోంచి జారిపోయింది. తీసింది, మళ్ళీ జారింది. మూడోసారి సీతమ్మ తీసి ఇస్తే అందుకోలేదు. "తలుపు వెయ్యి" అంది. ఆ రోజునుంచీ మధ్యాహ్నాలు తలుపు మూసుకుని ఇద్దరూ కూర్చునేవారు. బయటివాళ్ళకి పెద్దావిడ అల్లుతోంది, పనిమనిషి ఆకు అందిస్తోంది. లోపల జరిగేది దానికి తలకిందులు. అప్పటికే అన్నేళ్ళుగా చూసి చూసి సీతమ్మకి ఆ పని వచ్చేసింది, పైగా పుట్టింటి విద్య ఉండనే ఉంది.

"పిల్లలకి తెలిస్తే నా ముందునుంచి ఆకు లాగేసి మందుసీసాలు పెడతారు," అనేది మోజా. "నా చేతులు పోయాయని ఎవరికీ చెప్పకు. నేను పోయాక కూడా చెప్పకు. నీ గ్రంథం మీద ఒట్టెయ్."

"మాలో ఒట్లు పెట్టుకోరు మామా. నోటితో అంటే చాలు."

"అయితే అను."

"చెప్పను," అంది సీతమ్మ. ఒట్టయితే తీసి గట్టుమీద పెట్టొచ్చు. ఒట్టులేని మాటని తీసి ఎక్కడ పెడతారు? ఇన్నేళ్ళుగా అది సీతమ్మ దగ్గరే ఉంది. కట్టుకున్న మొగుడికి కూడా చెప్పలేదు.

బల్ల దగ్గర రహ్మా బుట్టని తిరగేసింది. "అడుగు చూడండి. కాలానికి వదులైపోయింది. దీన్ని మా దగ్గర మ్యూజియంలో అద్దాల బీరువాలో పెట్టబోతున్నారు. ఇలా పెడితే నాన్నమ్మకి చేతకాలేదంటారు. లిన్ గారు పాత బుట్టలు బాగుచేయడంలో దిట్ట. అడుగున ఈ మూడు చుట్లూ కోసి తీసేసి, మీ ఈతాకుతో కొత్త జడ వేసి బిగిస్తారు."

మోహనకృష్ణ కళ్ళు వెలిగిపోయాయి. "ఒమాన్ బుట్ట, చైనా చెయ్యి, మన ఆకు! మూడింటికి పెట్టేద్దాం. పేపరువాళ్ళకి చెప్పేస్తున్నాను. సీతమ్మగారూ, ఆకు మీరే నానబెట్టండి."

ఆ బుట్టలో మోజా అల్లింది ఎంతో సీతమ్మకి బాగా తెలుసు. మొదలుపెట్టిన జడ, బారెడు. దానికే మూడు వారాలు పట్టింది. ఒకచోట వెడల్పు, ఒకచోట సన్నం, ఎక్కడా బిగువు లేదు. విప్పి మళ్ళీ అల్లుతానంటే పెద్దావిడ ఒప్పుకోలేదు. ఆ బారెడే అడుగున మూడు చుట్లయింది. నాలుగో చుట్టు దగ్గర్నుంచి మూతమీది బొడిపె దాకా అంతా సీతమ్మ చెయ్యి. ఇప్పుడు కోసి పారేస్తామంటున్నది సరిగ్గా ఆ మూడు చుట్లే. నోరు విప్పితే ఇచ్చిన మాట పోతుంది, విప్పకపోతే మోజా పోతుంది, ఈసారి ఆనవాలు కూడా మిగలకుండా. ఆ ఆకు నానబెట్టాల్సింది మళ్ళీ తనే!

ఇంతలో ఆడవాళ్ళంతా బుట్ట చుట్టూ మూగారు. ధనలక్ష్మి మూత అంచుమీద వేలు పెట్టింది.

"ఏటే సీతా, ఇది మన సాప అంచు గాదేటి? రెండాకులు జంటగా మడిసి తిప్పినారు సూడు. మీయమ్మ ఇలగే తిప్పీది."

"కాదొదినా," అంది సీతమ్మ కంగారుగా. "ఇది ఏరు. మేం ముందు తడిపి, అప్పుడు మడిసీవోళ్ళం."

అని నాలిక కరుచుకుంది. ధనలక్ష్మి కళ్ళు చికిలించి చూసింది.

"మేం అంటే ఎవులే?"

'వాళ్ళు' అని ఉంటే సరిపోయేది. పోనీ 'మనం' అని ఉన్నా సర్దుకోవచ్చు. మేం అంది. అంటే ఎదురుగా ఉన్న ధనలక్ష్మిని అవతల నిలబెట్టి, తను ఇంకెవరితోనో ఒకటైపోయింది. మోజాతో అరబ్బీలో పదకొండేళ్ళు మాట్లాడినా ఈ చిక్కు రాలేదు, ఆ భాషలో రెండింటికీ ఒకటే మాట. తెలుగు మాత్రం ఎవరు లోపలో ఎవరు బయటో ఒక్క అక్షరంతో బయటపెట్టేస్తుంది.

"ఏమంటున్నారు?" అంది రహ్మా నవ్వుతూ.

"అంచు బాగుందంటున్నారు."

"అవును కదా! అది మా నాన్నమ్మ సొంతంగా కట్టిన అంచు. మా దేశంలో ఇంకెవరూ అలా తిప్పరు. ఆవిడ పేరుమీదే నా అల్లికల పుస్తకంలో రాశాను."

సీతమ్మ ఈ మాటలు తెలుగులో చెప్పలేదు. చెప్పకపోవడం ధనలక్ష్మి గమనించింది. అంతలో లిన్ బుట్టని ఒళ్ళో పెట్టుకుని, లోపలికీ బయటికీ తిప్పి, అడుగుమీద బొటనవేలితో నెమ్మదిగా రుద్ది, ఫోన్లోకి ఏదో అన్నాడు. "ఈ పాత్రయందు రెండు చేతులు ఉన్నవి," అంది వార్తల అమ్మాయి.

"ఎవరికైనా రెండు చేతులే కదండీ!" అని మోహనకృష్ణ పగలబడి నవ్వాడు. అందరూ నవ్వారు. లిన్ నవ్వలేదు. ఆయన బుట్టవైపు చూశాడు, తర్వాత సీతమ్మ వేళ్ళవైపు చూశాడు. సీతమ్మ చేతులు కొంగు కింద పెట్టేసుకుంది.

భోజనాల దగ్గర ధనలక్ష్మి విస్తరి పట్టుకొచ్చి సీతమ్మ పక్కనే చతికిలబడింది.

"నువ్వే అల్లినావు గావాల."

"నన్నడక్కొదినా."

"అడక్కపోతే ఎలగే? మీయమ్మ అంచు ఆళ్ళ ముసిల్దాని పేరు మీద సెప్పీసుకుంతన్నారు. సూస్తా కూకుంతావేటి? సిగ్గునేదా? నువ్వు సెప్పకపోతే మూడింటికి నానే సెప్తాను. నాకు అరబ్బీ రాకపోతే ఏటి, ఆకు అట్టుకుని అల్లి సూపిస్తాను."

"అంచు పోతే పోనీ వదినా. నా బాధ అంచు గాదు, అడుగు."

"అడుగుకేటి?"

సీతమ్మ విస్తరి పక్కకి జరిపేసింది. పులిహోర అలాగే ఉండిపోయింది. ధనలక్ష్మి మనిషి మొరటేగానీ చెడ్డది కాదు, విస్తరి మడిచి "నీ ఇష్టం" అని లేచిపోయింది. అయితే ఆవిడ ఊరుకుంటానని మాత్రం అనలేదు.

రెండున్నరకి సీతమ్మ రహ్మాని పట్టుకుంది. "అడుగు ముట్టుకోవద్దమ్మా. పాత వస్తువు పాతగానే ఉంటే అందం."

"అందమా? మా నాన్నమ్మ వదులు పని చెయ్యడం ఎరుగుదువా సీతా? చూసేవాళ్ళు ఏమంటారు? నువ్వు అన్నేళ్ళు మా ఇంట్లో ఉండి ఇలా అంటావా?" రహ్మా గొంతులో కోపం లేదు, నొప్పి ఉంది. సీతమ్మ దగ్గర ఉన్న ఒక్క సమాధానం చెప్పకూడనిది.

ఇక లిన్ దగ్గరికి పరిగెత్తింది. ఆయన కత్తి నూరుకుంటున్నాడు. ఫోను తీసుకుని, మూతి దగ్గర పెట్టుకుని, గబగబా అంది. "అడుగు తియ్యొద్దు బాబూ. అడుగు అలాగే ఉంచండి."

ఫోను చైనా భాషలో ఏదో పలికింది. లిన్ బొమ్మలా నిలబడిపోయాడు. ఒక కాలు ముందుకి వేయబోతున్నవాడు అలాగే వెనక్కి తీసుకుని, కిందకి చూశాడు, చుట్టూ చూశాడు, పామేమైనా ఉందేమోనని. అడుగు వెయ్యొద్దని చెప్పింది కాబోలు ఆ ఫోనులో మహాతల్లి. సీతమ్మ మళ్ళీ అంది, ఈసారి ఇంకా గట్టిగా. ఆయన ఇంకా బిగుసుకుపోయాడు. దూరం నుంచి చూస్తున్న ఆడవాళ్ళు నవ్వారు. సీతమ్మకి ఏడుపొచ్చింది. ఇంకో మాట వెతుక్కునేలోపే మోహనకృష్ణ వచ్చి "రండి రండి, పేపరువాళ్ళు వచ్చేశారు" అని ఆయన్ని చెయ్యి పట్టుకు తీసుకుపోయాడు.

మూడయింది. బల్లమీద బుట్ట బోర్లించి ఉంది. పక్కన సత్తుపళ్ళెంలో సీతమ్మ నానబెట్టిన ఈతాకు. అటు రహ్మా, ఇటు లిన్, మధ్యలో దుబాసీ. ఎదురుగా నాలుగు కెమెరాలు. ధనలక్ష్మి ముందు వరసలో చేతిలో రెండు ఆకులు పట్టుకుని సిద్ధంగా ఉంది. మోహనకృష్ణ మైకులో మూడు దేశాల స్నేహం గురించి చెప్పినంతసేపు చెప్పాడు. సీతమ్మకి ఒక్క ముక్క చెవికెక్కలేదు. చెప్పను అన్న మాట ఒక చెవిలో, తలుపు వెయ్యి అన్న మాట ఒక చెవిలో.

లిన్ మూడో చుట్టుకీ నాలుగో చుట్టుకీ మధ్య ఉన్న కుట్టు వెతికాడు. వెతకాల్సిన పనేం లేదు, అక్కడ పని మారిపోయిందని గుడ్డివాడికైనా తెలుస్తుంది. కత్తిమొన దారం కిందకి దూర్చాడు. ఒక కుట్టు పుటుక్కున తెగింది.

సీతమ్మ అరచెయ్యి వెళ్ళి ఆ అడుగుమీద పడింది. తను పెట్టిందో అదే వెళ్ళిందో ఆవిడకి తెలీదు. లిన్ కత్తి గభాల్న వెనక్కి తీసుకున్నాడు.

"సీతా?" అంది రహ్మా.

"అది కాలానికి వదులవలేదు," అంది సీతమ్మ అరబ్బీలో. "మొదట్నుంచీ వదులే. మామాకి చేతులు వణికేవి. ఆకు నిలిచేది కాదు. ఈ మూడు చుట్లే ఆవిడ అల్లింది. మూడు వారాలు పట్టింది. మిగతాదంతా నేను అల్లాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఇవి కోసేస్తే ఇందులో ఆవిడ చేతిది ఇంకేం లేదు."

"ఏమన్నారు? ఏమన్నారండీ?" అని మోహనకృష్ణ మైకులోనే అడిగాడు. చెప్పేవాళ్ళెవరు? చెప్పాల్సిన మనిషే బుట్టమీంచి చెయ్యి తియ్యడం లేదు. ధనలక్ష్మి మాత్రం అరబ్బీ రాకుండానే ఏం విన్నదో, చేతిలో ఆకులు కింద పెట్టేసి, కెమెరాలకి అడ్డంగా వచ్చి నిలబడింది. లిన్ కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రహ్మా తిడుతుందనుకుంది సీతమ్మ. ఇన్నాళ్ళూ నాచేత అబద్ధాలు చెప్పించావా అంటుందనుకుంది. అన్నా పడాలి, తప్పదు.

"ఎప్పటినుంచి?" అంది రహ్మా చివరికి.

"ఆవిడ పోవడానికి రెండేళ్ళ ముందునుంచి."

"నా నిశ్చితార్థం నాటికే?"

"అప్పటికి బాగా ముదిరిపోయింది."

రహ్మా కుర్చీలో కూలబడింది. "ఆ రోజు అబ్బాయివాళ్ళకి కాఫీ నువ్వే పొయ్యాలి హబూబా, నాన్నమ్మా అని నేనే కూజా తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. పొయ్యలేదు. చేతులు ముసుగులో దాచుకుని అలా కూర్చుంది, అందరి ముందూ. ఆ సంబంధం ఇష్టంలేక నన్ను అవమానించిందనుకున్నాను. ఆ తర్వాత నేను ఆ ఇంటికి రాలేదు సీతా. ఏడు నెలలు. పోయిందని కబురొస్తేనే వచ్చాను."

ఆ ఏడు నెలలూ సీతమ్మ చూస్తూనే ఉంది. పట్నంలో ఉద్యోగం కదా, తీరిక లేదేమో అనుకుంది. అప్పుడు ఒక్క మాట, ఒకే ఒక్క మాట ఈ పిల్ల చెవిలో వేసి ఉంటే? ఇన్నేళ్ళూ ఎంతో గొప్పగా కాపాడుకొచ్చిన నమ్మకం, ఒక మనవరాలికీ నాన్నమ్మకీ మధ్య గోడై నిలబడిందన్నమాట. తప్పు చెయ్యలేదనీ తెలుసు, తప్పు జరిగిపోయిందనీ తెలుసు. దానికి ఏ భాషలో ఏమంటారో ఆ దుబాసీకి తోచలేదు.

"నా మీద కోపం లేదా ఆవిడకి?" అంది రహ్మా.

"కోపమా! శుక్రవారం పొద్దున్నే వీధి తలుపు తీసి పెట్టమనేది. సాయంత్రం అస్రు నమాజుదాకా వేసెయ్యనిచ్చేది కాదు."

రహ్మా మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. సీతమ్మ ఆపలేదు, తనూ ఏడ్చింది. కాసేపటికి రహ్మా బుట్ట దగ్గరికి జరిగి, సరిగ్గా మధ్యలో, జడ మొదలైన చోట వేలు పెట్టింది. సీతమ్మ ఆ వేలు పట్టుకుని, వెడల్పయిన చోటా సన్నబడ్డ చోటా ఆగుతూ, మూడు చుట్లూ తిప్పుకొచ్చింది.

"ఇక్కడిదాకా," అంది.

రహ్మా వేలు విడిపించుకుని మళ్ళీ మొదటి చుట్టు దగ్గరికి వెళ్ళింది.